ఒహాయో అడవికి చిన్న స్కోపే మేలు

చిరంజీవి చిన్నాకు,

బాబాయి ఆశీస్సులు. తుపాకీ మీద బిగించడానికి కొందామని నువ్వు పంపిన స్కోప్ ఫొటో చూశాను. 4-16 పవర్, అంటే 4 నుంచి 16 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు 50 మిల్లీమీటర్ల లెన్స్. మంచి వస్తువే, కాదనను. కానీ నువ్వు జింకల వేటకి వెళ్లేది ఒహాయో అడవిలోకి. అక్కడ జింక కనపడేది 40, 50 గజాల్లో, చెట్ల సందుల్లోంచి.

నేను మొదట్లో 3-9 స్కోప్ వాడేవాణ్ణి. ఒకరోజు తెల్లవారుజామున దాన్ని 9 మీదే ఉంచి కూర్చున్నాను. 25 గజాల్లో జింక వచ్చి నిలబడింది. స్కోప్‌లో చూస్తే గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. అది భుజమో తొడో తెలియలేదు. తెలియనప్పుడు కాల్చకూడదు, కాల్చలేదు. ఆ దూరంలో 9 పవర్ చూపించేది మూడున్నర అడుగుల వెడల్పు మాత్రమే. అదే 2 పవర్ అయితే 10 అడుగులు దాటి కనపడుతుంది. అందుకే స్కోప్ మీద పెద్ద అంకె కాదు, చిన్న అంకె చూసి కొను. 1-4, 1.5-5, 2-7, వీటిలో ఏదైనా నీకు సరిపోతుంది. నా ఓటు 2-7కే.

చిన్న లెన్స్‌తో మసక వెలుతురులో కనపడదేమోనని అడిగావు. లెన్స్ వెడల్పును పవర్‌తో భాగించి చూడు. 20 మిల్లీమీటర్ల లెన్స్‌ని 4 మీద పెడితే కంటికి చేరే వెలుగు 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. చీకట్లో కూడా మన కంటిపాప 7 దాటి తెరుచుకోవడం అరుదు, వయసు పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. పెద్ద లెన్స్ అంతకు మించి ఇచ్చేదంతా వృథాయే, బరువు మాత్రం రోజంతా నువ్వే మోయాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది ఐ రిలీఫ్, అంటే కంటికీ స్కోప్‌కీ మధ్య ఉండాల్సిన దూరం. నా కుడి కనుబొమ్మ మీద గీత ఏమిటని చిన్నప్పుడు అడిగేవాడివి, గుర్తుందా? పెద్దగా తన్నని పాయింట్ టూ టూ రైఫిల్ కోసం చేసిన, ఐ రిలీఫ్ తక్కువున్న స్కోప్‌ని 12 గేజ్ షాట్‌గన్ మీద బిగించాను. స్లగ్, అంటే ఒకే పెద్ద గుండున్న తూటా, కాల్చగానే తుపాకీ వెనక్కి తన్నింది, స్కోప్ అంచు కనుబొమ్మని చీల్చింది. షాట్‌గన్ మీద కనీసం మూడున్నర అంగుళాలు కావాలి. నీకు కళ్లద్దాలున్నాయి కాబట్టి 4 ఉన్నది వెతుకు. 2014 నుంచి ఒహాయోలో జింకల వేటకి స్ట్రెయిట్-వాల్ తూటాల, అంటే గొట్టం పైన మెడలా సన్నబడని తూటాల, రైఫిళ్లకీ అనుమతి ఉంది. నువ్వు అలాంటి .450 బుష్‌మాస్టర్ రైఫిల్ తీసుకున్నా ఈ లెక్క మారదు, అదీ గట్టిగానే తంతుంది.

షాట్‌గన్నే అయితే స్కోప్‌ని బిగించే మౌంట్ తుపాకీ గొట్టానికే, అంటే బ్యారెల్‌కే, అతికి ఉండే రకం, కాంటిలీవర్ అంటారు, అది తీసుకో. శుభ్రం చేయడానికి బ్యారెల్ ఊడదీసినా స్కోప్ దానితోపాటే వస్తుంది. తిరిగి బిగించాక గురి పెద్దగా మారదు. అయినా వేటకి ముందు షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూసుకో.

కొనేముందు ఒక మాట. నువ్వింకా హెచ్-1బీ మీదే ఉన్నావు. ఆ వీసా మీద తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే మిగతావి. అది వచ్చేదాకా నా తుపాకీ కూడా నీ చేతికివ్వను. ఇండియా వెళ్లేటప్పుడు స్కోప్‌ని సూట్‌కేసులో పెట్టుకోవద్దు. రైఫిల్ స్కోపులు ఎగుమతి నియంత్రణ కిందికి వస్తాయి, విడిగా ఉన్నా సరే.

శనివారం పొద్దుగూకేలోపు ఇంటికి రా. తుపాకీ అక్కర్లేదు, నా 2-7 స్కోప్‌ని విప్పి ఉంచుతాను. చీకటి పడుతుండగా పెరటి వెనక చెట్ల వైపు అందులోంచి చూద్దువుగాని. కళ్లద్దాలు మర్చిపోకు.

ఇట్లు,
మీ బాబాయి