ఐరోపాలో పది నెలల ఎంబీఏనా, అమెరికాలో రెండేళ్లదా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ: సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ల అనుభవం, కన్సల్టింగ్‌లోకి, అంటే కంపెనీలకి వ్యాపార సలహాలిచ్చే పనిలోకి, మారాలని కోరిక, చేతిలో రెండు అడ్మిట్లు. ఐరోపాలో వచ్చిన పది నెలల కోర్సుకి ర్యాంకు బాగుంది, స్కాలర్‌షిప్ లేదు. అమెరికాలో వచ్చిన రెండేళ్ల కోర్సుకి ర్యాంకు కాస్త కింద, కానీ ఫీజులో మూడో వంతు వాళ్లే ఇస్తామన్నారు. ఈ రెండూ వదిలేసి, ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో వచ్చిన 665 ని ఇంకాస్త పెంచుకుని వచ్చే ఏడాది మళ్లీ అప్లై చేయాలా అన్నది మీ మూడో ఆలోచన. డిపాజిట్‌కి తొమ్మిది రోజులే గడువు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నుంచి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కి మారడానికి ఎంబీఏ చేశాను. మీలాగే ఏడాది కోర్సు, రెండేళ్ల కోర్సు రెండింట్లోనూ సీటు వచ్చింది. ఓ నెల రోజులు ర్యాంకుల పట్టికలే తిరగేశాను. ఆఖరికి విషయం తేలింది కోర్సు క్యాలెండర్ చూశాకే.

రంగం మారేవాళ్లకి అన్నిటికన్నా పనికొచ్చేది సమ్మర్ ఇంటర్న్‌షిప్. రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది అయ్యాక పది పన్నెండు వారాలు దానికే ఉంటాయి. రెజ్యూమేలో లేని పనిని అక్కడ చేసి చూపించొచ్చు. నచ్చితే అదే కంపెనీ ఉద్యోగం ఇచ్చేస్తుంది. నాకు జరిగిందీ అదే. చిన్న కోర్సుల్లో ఈ ఖాళీ ఉంటుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఐరోపాలో పేరున్న బిజినెస్ స్కూలు ఇన్‌సియాడ్‌నే తీసుకోండి, అక్కడ ఏటా రెండు బ్యాచ్‌లు మొదలవుతాయి. జనవరి బ్యాచ్‌కి మధ్యలో వేసవి విరామం వస్తుంది, ఇంటర్న్‌షిప్ చేసుకోవచ్చు. ఏడాది రెండో సగంలో చేరే బ్యాచ్‌కి ఆ వీలు ఉండదు. ఇద్దరికీ ఇచ్చే డిగ్రీలో తేడా ఏమీ లేదు, ఉద్యోగాల వేటలో మాత్రం చాలా ఉంది. పది నెలలు మరీ తక్కువ, రెండేళ్లు మరీ ఎక్కువ అనిపించేవాళ్లకి హెచ్ఈసీ పారిస్‌లో 16 నెలల కోర్సు లాంటివీ ఉన్నాయి, కానీ మీ జాబితాలో అవి లేవు కాబట్టి వదిలేద్దాం.

అయితే కన్సల్టింగ్ సంగతి కొంచెం వేరు. మెకిన్సీ, బీసీజీ, బెయిన్ లాంటి సంస్థలు ఐరోపాలోని పేరున్న ఏడాది కోర్సుల నుంచి ఇంటర్న్‌షిప్ లేకపోయినా చాలామందిని తీసుకుంటాయి. కాబట్టి పది నెలల కోర్సుని నేను కొట్టిపారేయను. కాకపోతే అక్కడ చేరిన కొన్ని వారాలకే రిక్రూటింగ్ హడావిడి మొదలవుతుంది. కేస్ ఇంటర్వ్యూల (ఓ కంపెనీ సమస్య ఇచ్చి అక్కడికక్కడే పరిష్కరించమనే ఇంటర్వ్యూలు) ప్రాక్టీసు, క్లాసులు మొదలవడానికి ముందే అయిపోవాలి. ఇంకోటి, క్లాసులు ఇంగ్లీషులోనే జరుగుతాయి, క్లయింట్లు మాత్రం ఇంగ్లీషులోనే మాట్లాడతారన్న హామీ లేదు. పారిస్‌లోనో మాడ్రిడ్‌లోనో ఆఫీసు కావాలంటే ఆ భాష వచ్చి తీరాలి. మీకు ఇంగ్లీషు తప్ప ఐరోపా భాష ఇంకేదీ రాదన్నారు. అంటే ఆ కోర్సు చేసినా మీకు నిజంగా తలుపు తెరిచే ఆఫీసులు కొన్నే.

ఇక రెండు స్కూళ్ల ఎంప్లాయ్‌మెంట్ రిపోర్టులు దింపుకోండి. బ్రోషర్ కాదు, పూర్తి రిపోర్టు. నేను సీటు వదులుకున్న స్కూలు బ్రోషర్‌లో తొంభై పైచిలుకు శాతానికి ఉద్యోగాలు అని పెద్ద అక్షరాల్లో వేశారు. రిపోర్టు తెరిస్తే ఆ శాతం "ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ల"లో అట. పాత కంపెనీ స్పాన్సర్ చేసినవాళ్లు, సొంతంగా కంపెనీ పెట్టుకుంటామన్నవాళ్లు, అసలు సమాచారమే ఇవ్వనివాళ్లు ఆ లెక్కలో లేరు. క్లాసు మొత్తం సంఖ్యతో భాగించి చూస్తే బొమ్మ మారిపోయింది. అబద్ధమేమీ రాయలేదు, చదవాల్సింది నేనే సరిగ్గా చదవలేదు. అమెరికా స్కూళ్ల రిపోర్టుల్లో చాలావాటిలో ఇంకో వరుస ఉంటుంది: అక్కడ శాశ్వతంగా పనిచేసే హక్కు ఉన్నవాళ్లకి ఎంత జీతం, లేనివాళ్లకి ఎంత, ఒక్కో గుంపులో ఎంతమంది అని. మీరు చూడాల్సింది ఆ రెండో గుంపుని. అందులో కన్సల్టింగ్‌కి వెళ్లినవాళ్లు ఎంతమందో రిపోర్టులో లేకపోతే కెరీర్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి. ఎంత తిన్నగా జవాబిస్తారన్నదాన్ని బట్టి కూడా కొంత తెలుస్తుంది.

వీసా సంగతి. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు. కోర్సుకి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) గుర్తింపు ఉంటే ఇంకో 24 నెలలు కలుస్తాయి, ఉద్యోగ వీసా హెచ్-1బీ లాటరీలో ఒకటికి రెండుసార్లు పేరు వేసే సమయం దొరుకుతుంది. మీ అడ్మిట్‌కి ఆ గుర్తింపు కోర్సు మొత్తానికి ఉందా, ఒక స్పెషలైజేషన్‌కి మాత్రమే ఉందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి 12 నెలల ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు మించకూడదన్న నిబంధన కూడా గుర్తుంచుకోండి. ఏ దేశమైనా ఈ రూల్స్ రాతిమీద చెక్కినవి కావు. బ్రిటన్ 2012లో చదువు తర్వాతి వర్క్ వీసా తీసేసింది, 2021లో రెండేళ్లకి మళ్లీ తెచ్చింది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే అంటోంది.

డబ్బు దగ్గర నేను బోల్తా పడ్డాను. మొదటి ఏడాది ఫీజుని రెండుతో గుణించి అప్పు లెక్కేసుకున్నాను. రెండో ఏడాది ఫీజు పెరిగింది, హెల్త్ ఇన్సూరెన్స్ విడిగా కట్టాలి, చదువుతున్నంత కాలం వడ్డీ పెరుగుతూనే ఉంది. మీ స్కాలర్‌షిప్ రెండేళ్లకీ ఉందా, రెండో ఏడాదికి గ్రేడ్ల షరతేదైనా ఉందా అని అడగండి. రెండో ఏడాది పోగొట్టుకునే జీతాన్ని కూడా ఖర్చులోనే రాయండి. అలా రాశాక మీ మూడో వంతు స్కాలర్‌షిప్ ఇప్పుడు కనిపిస్తున్నంత పెద్దగా కనిపించదు, ముందే చెప్తున్నా.

మళ్లీ అప్లై చేసే ఆలోచన వద్దంటాను. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో 665 అంటే పాత స్కేలులో 700 పైమాటే. దానివల్ల మీకు సీటు ఆగలేదు కూడా. నేను మొదటి ఏడాది అయిదింటికి అప్లై చేస్తే అయిదూ రిజెక్ట్ అయ్యాయి. రెండో ఏడాది స్కోరు అదే, మార్చింది సిఫారసు లేఖ. మొదటిసారి మా మేనేజర్ "నువ్వే రాసుకో, అప్‌లోడ్ చేస్తా" అన్నారు. సంబరపడి రాసుకున్నాను. లేఖా, వ్యాసాలూ ఒకే గొంతుతో ఉన్నాయని ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. రెండోసారి నా పని దగ్గరగా చూసిన పాత టీమ్ లీడ్‌ని అడిగాను. ఆయన నా తప్పొకటి, దాన్ని ఎలా సరిదిద్దుకున్నానో కూడా రాశారట, ఇంటర్వ్యూలో దాని మీదే పదిహేను నిమిషాలు అడిగారు. మీరు ఆ దశ దాటేశారు, వెనక్కి వెళ్లడం ఎందుకు?

నా ఓటు అమెరికా రెండేళ్ల కోర్సుకే, ఒక్క షరతు మీద: స్టెమ్ గుర్తింపు కోర్సు మొత్తానికి ఉండాలి. లేదంటే, ఐరోపా కోర్సు జనవరిలో మొదలై వేసవి విరామం ఉన్నదైతే అటే వెళ్తాను.

ఈలోగా రెండు స్కూళ్లకీ ఈ రోజే మెయిల్ పంపండి. ఐరోపా స్కూలుకి అమెరికా ఆఫర్ లెటర్ జతచేసి స్కాలర్‌షిప్ పరిశీలించమనండి, అమెరికా స్కూలుని డిపాజిట్ గడువు రెండు వారాలు పెంచమనండి. బతిమాలక్కర్లేదు, బెదిరించక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు. నాకు ఒక చోట గడువు పెంచారు, ఇంకో చోట కుదరదన్నారు. అడిగినందుకు సీటు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.