గుమ్మం దగ్గర రెండు నిమిషాలు

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలోని ఒక గ్రామంలో అంగన్‌వాడీ కార్యకర్తను. 2020లో కరోనా వల్ల కేంద్రం మూతపడి తల్లుల సమావేశాలు ఆగిపోయాయి. సరుకులు ఇంటింటికీ అందించాము గానీ, వాట్సాప్‌లో పంపిన పోషకాహార వీడియోలను చాలామంది చూడలేదు. మళ్లీ అటువంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి?

జవాబు: సరుకులు ఇస్తూ గుమ్మం దగ్గర ఆగే రెండు నిమిషాలే, నా దృష్టిలో, ఆ వీడియోలన్నిటికంటే విలువైనవి. సమావేశంలో గంటసేపు చెప్పేదంతా అక్కడ చెప్పబోతే ఏదీ మనసులో నిలవదు కాబట్టి, ఆ ఇంటి బిడ్డ వయసును బట్టి ఒక్క విషయమే ఎంచుకోండి. ఏడో నెల బిడ్డ ఉంటే, మీరిచ్చిన పప్పునూ నూనెనూ చూపించి, మెత్తగా మెదిపిన పప్పన్నంలో చెంచాడు నూనె కలపమనండి. చెంచా వంచినా ఆ ముద్ద జారిపోకూడదు. ఇంట్లో బియ్యం తగ్గినప్పుడు అన్నాన్ని పలుచన చేసి పెడితే బిడ్డ చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది, కావలసిన శక్తి మాత్రం అందదు. మీరు దూరంగా నిలబడి, తల్లినే గిన్నె తెచ్చి చెంచా వంచి చూపించమని అడగండి. ఎక్కడ అర్థం కాలేదో అప్పుడే తెలుస్తుంది.

మిరప కోతల రోజుల్లో, మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వచ్చి కూలి ఆగిన ఇళ్లలో, గర్భిణికని ఇచ్చిన గుడ్లను ఇంటిల్లిపాదీ పంచుకున్నారంటే వారిని తప్పుపట్టలేము. అందుకే అత్తగారితోనూ భర్తతోనూ కూడా మాట్లాడాలి. స్మార్ట్‌ఫోన్ తరచుగా భర్త దగ్గరే ఉంటుంది కనుక, సాయంత్రం ఆయన ఇంటికి చేరాక మామూలు ఫోన్ చేయడం మేలు.

పుకార్లను వెంటనే ఖండించండి. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు అప్పట్లో ఎంతోమంది చేత దాన్ని మాన్పించింది. వ్యాధి సోకిన తల్లి పాలివ్వకూడదన్న భయం అంతకంటే హానికరం. మాస్కు కట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది.

బిడ్డల బరువు తూచడం కుదరనప్పుడు, బిడ్డ చిక్కిపోయిందో లేదో తెలిపే దండచేయి చుట్టుకొలత టేపును తల్లికే ఇవ్వవచ్చు. ఆరు నెలలు దాటి అయిదేళ్లు నిండని బిడ్డకు, ఎడమ భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ చుట్టి చూడాలి. 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే మీకు కబురు చేయాలి, 11.5 కంటే తగ్గినా, రెండు పాదాలూ వాచినా ఆలస్యం చేయకుండా ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. టేపును మరీ బిగించకుండా, వదులుగానూ ఉంచకుండా చుట్టడం ఫోన్‌లో చెబితే వచ్చేది కాదు కాబట్టి, తల్లులు కేంద్రానికి వస్తున్న ఈ రోజుల్లోనే ఒక్కొక్కరి చేతా చేయించండి.