చేయి పట్టి లాగడమూ అడగడమే

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ఒక్క మాటా రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఏదైనా కావాలంటే నా మణికట్టు పట్టుకుని లాక్కుపోయి, నా చేతిని ఆ వస్తువు మీద పెడతాడు. నా ముఖంలోకి మాత్రం చూడడు. ఇవ్వడం ఆలస్యమైతే తల నేలకేసి కొట్టుకుంటాడు. ఆటిజం అని నెల క్రితం డాక్టరు చెప్పారు. బిహేవియర్ థెరపిస్ట్ బొమ్మల కార్డులతో మొదలుపెడదామంటున్నారు. కార్డులు అలవాటైతే ఇక నోరు విప్పడేమోనని నా భయం. మా అత్తగారేమో ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే, నాలుగేళ్లు వచ్చేదాకా ఆగు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు అత్తగారి మాట సంగతి. ఆగవద్దు. వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోతే ఈ వారమే చేయించండి. దాని కోసం థెరపీని మాత్రం వాయిదా వేయకండి.

ఇక మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్నది మణికట్టు పట్టి లాగడం గురించి. మీరు దాన్ని బాధగా రాశారు. నాకు మాత్రం అది చదవగానే ప్రాణం లేచి వచ్చింది. తనకు కావలసినది మరో మనిషి ద్వారా వస్తుందని మీ బాబు కనిపెట్టాడు. ఆ చేయి వెనుక ఒక మనిషి ఉన్నారన్నది ఇంకా అతనికి అందలేదు. మీ థెరపిస్ట్ కార్డులు తీసింది అందుకే. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు నిపుణులు ఈ కార్డుల పద్ధతిని రూపొందించారు. ఇందులో పిల్లవాడు బొమ్మను వేలితో చూపిస్తే చాలదు. కార్డు తీసి, ఎదుటి మనిషి దగ్గరకు వెళ్లి, వారి చేతిలో పెట్టాలి. అప్పుడే వస్తువు దొరుకుతుంది. అంటే మనిషిని వెతుక్కోవడం దగ్గరే పాఠం మొదలవుతుంది.

మాట ఆగిపోతుందన్న భయం ఇంచుమించు ప్రతి తల్లికీ ఉంటుంది. కార్డులు, సైగల వంటి సాధనాలు వాడినవారి మీద 2006లో ఒక పరిశోధనా సమీక్ష వచ్చింది. అందులో గట్టి ఆధారాలు దొరికిన 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, ఎక్కువ మందికి ఎంతో కొంత పెరిగింది. అయితే పిల్లలందరికీ నోటి మాట వస్తుందని నేను చెప్పలేను. రాని పిల్లలకు ఆ కార్డులే, తర్వాత బొమ్మ నొక్కితే మాట పలికే ట్యాబ్లెట్ కంప్యూటరే గొంతవుతుంది. గొంతు లేకుండా ఉండడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు బల్ల దగ్గర కూర్చోబెట్టి ‘ఇదేమిటి?’ అని అడిగి పేర్లు నేర్పేదాన్ని. ఒక పాప బంతి బొమ్మ చూపిస్తే ‘బంతి’ అని స్పష్టంగా చెప్పేది. అదే బంతి మంచం కిందకు దొర్లిపోతే అక్కడే పడి ఏడ్చేది తప్ప ఆ మాట వాడేది కాదు. పేరు చెప్పడం, అడగడం వేర్వేరు పనులని మనస్తత్వవేత్త స్కిన్నర్ 1957లోనే రాశారు. చదివాను కానీ, నాకు ఒంటబట్టింది ఆ పాప దగ్గరే. పేరు చెబితే దొరికేది మెచ్చుకోలు. అడిగితే దొరికేది బంతి. మెచ్చుకోలు ఇంకా రుచించని పాపకు ఏది ముందు నేర్పాలి? అప్పటి నుంచి సబ్బు బుడగల సీసా నా సంచిలో ఉంటుంది. నాలుగు బుడగలు ఊది, మూత బిగించి, అయిదు సెకన్లు ఆగుతాను. ఆ పాప మొదట సీసాను నా చేతిలో పెట్టింది. కొన్ని వారాలకు పెదవులు బిగించి ‘బు’ అంది. ‘బుడగ’ అని పూర్తిగా చెప్పమని నేను పట్టుబట్టలేదు, వెంటనే ఊదాను.

తల కొట్టుకోవడం గురించి డాక్టరుకు తప్పక చెప్పండి, ఆ సమయంలో తల కింద మెత్తటిది పెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి అదీ అడగడమే. ఇలాంటి ప్రవర్తన ఏ పని సాధించి పెడుతోందో గుర్తించి, అదే పని చేసే తేలికైన దారి నేర్పితే అది తగ్గుతుందని 1985లో కార్, డ్యూరాండ్ అనే పరిశోధకులు చూపించారు. కాబట్టి మొదటి రోజుల్లో కార్డు ఇచ్చిన ప్రతిసారీ, ఆ క్షణమే వస్తువు ఇవ్వండి. ఏడిపించి అడిగించకండి. కొద్ది రోజులకు ‘వద్దు’, ‘ఆపు’ కూడా నేర్పమని థెరపిస్ట్‌ను అడగండి. వద్దనే వీలు లేని పిల్లవాడికి తల కొట్టుకోవడమే మిగులుతుంది.

ఒక హెచ్చరిక. బిహేవియర్ థెరపీ మీద మనస్తత్వవేత్త లోవాస్ 1987లో ప్రచురించిన పేరుపొందిన అధ్యయనంలో ఆటిజం ఉన్న పిల్లలకు వారానికి 40 గంటల శిక్షణ ఇచ్చారు, అందులో గద్దించడం, తొడ మీద కొట్టడం కూడా ఉన్నాయి. ఈనాడు మంచి శిక్షణ చాలావరకు ఆటలోనే సాగుతుంది. ఎవరైనా మీ బాబును కొట్టినా, గడ్డం పట్టి తమ కళ్లలోకి చూడమని బలవంతపెట్టినా, మిమ్మల్ని గది బయటే ఉంచినా అక్కడికి వెళ్లడం మానేయండి.

ఈ వారం రోజులూ ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. ఎప్పుడు మీ చేయి లాగాడు, దేని కోసం లాగాడు, అంతే రాయండి. ఎక్కువసార్లు దేని కోసం లాగాడో దాని బొమ్మే మొదటి కార్డు. మొదట్లో ఈ పాఠానికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు పిల్లవాడి వెనుక కూర్చుని, నోరు మెదపకుండా, అతని చేతిని కార్డు దాకా నడిపించాలి. ఇంకొకరు వస్తువుతో ఎదురుగా కూర్చుని, రెండో అరచేయి చాపాలి. ‘ఏం కావాలి?’ అని అడగకూడదు. కార్డు చేతిలో పడగానే ఆ వస్తువు పేరు ఒక్కసారి చెప్పి ఇచ్చేయాలి. వెనుక మీరు కూర్చోండి. ఎదురుగా అరచేయి చాపి కూర్చోమని అత్తగారిని అడగండి.