ఆ నాన్న ఏం చూపించాలనుకున్నాడు?

తమ్ముడూ,

నీ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. విజయవాడ కుటుంబం మొదటిసారి లండన్, పారిస్ చూడ్డానికి బయల్దేరడం మంచి కథ. కానీ పాస్‌పోర్ట్ పోవడం, సూట్‌కేస్ మారడం, రైలు తప్పడం... కష్టం మీద కష్టం పేర్చుకుంటూ పోయావు. అన్నిటిలో నేను పగలబడి నవ్వింది ఒక్కచోటే. అది ఎక్కడో చివర్లో చెప్తాను.

ముందు ‘నేషనల్ లాంపూన్స్ యూరోపియన్ వెకేషన్’ చూడు. 1985లో ఎమీ హెకర్లింగ్ తీసిన సినిమా. టీవీ గేమ్ షోలో యూరప్ ట్రిప్ గెల్చుకున్న ఓ అమెరికన్ కుటుంబం కథ. తండ్రి క్లార్క్ గ్రిస్‌వాల్డ్‌గా చెవీ ఛేజ్ చేశాడు. మొత్తం గొప్పగా ఉంటుందని అనను. రోమ్ చేరాక దొంగలూ కిడ్నాపూ వచ్చి పలచబడిపోతుంది. లండన్ రౌండబౌట్ (బండ్లు గుండ్రంగా తిరిగి వెళ్ళే కూడలి) సీన్ మాత్రం పేపర్ పెట్టుకుని చూడు.

క్లార్క్ కారు రౌండబౌట్‌లోకి దిగుతుంది. అదుగో బిగ్ బెన్, అదుగో పార్లమెంట్ అని పిల్లలకి ఎంతో సంబరంగా చూపిస్తాడు. బయటికి రావాలంటే ఎడమ లేన్‌లోకి జరగాలి, జరగలేడు. ఇంకో చుట్టు. మళ్ళీ అదే బిగ్ బెన్, అదే పార్లమెంట్. చివరికి చీకటి పడిపోతుంది, పెళ్ళాం పిల్లలు నిద్రపోతారు, అతను మాత్రం స్టీరింగ్ పట్టుకుని ఇంకా తిరుగుతూనే ఉంటాడు.

కారు గుండ్రంగా తిరిగితే ఎవరూ నవ్వరు తమ్ముడూ. పిల్లలకి లోకం చూపించాలని అతను పడే ఆరాటం ఉంది చూడు, దానికి నవ్వుతాం. మొదటి చుట్టులో ప్రేమగా అన్న మాటే తర్వాతి చుట్లలో అతని మెడకి చుట్టుకుంటుంది. నీ కథలో నాన్నకి కష్టాలున్నాయి గానీ ఆశ లేదు. అతను ఎవరికి ఏం చూపించాలని అప్పు చేసి మరీ బయల్దేరాడో మొదటి పది పేజీల్లోనే నాకు తెలియాలి.

ఇంకో మాట. నీ 14వ పేజీలో నాన్న లండన్‌లోనే రౌండబౌట్‌లో చిక్కుకుంటాడు. అది కుదరదు. అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి క్లార్క్ తికమక పడ్డాడు. మనం ఇంగ్లండ్‌లో లాగే ఎడమవైపు నడుపుతాం, మనవాడికి అక్కడ ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. లండన్‌లో దర్జాగా నడిపించు, టెన్షన్ పారిస్‌లో పెట్టు. అక్కడ ఆర్క్ డి ట్రియోంఫ్ అనే పెద్ద తోరణం చుట్టూ పన్నెండు రోడ్లు కలుస్తాయి. పైగా అక్కడ లోపల తిరుగుతున్న బండే కొత్తగా వచ్చే బండికి దారివ్వాలి. మన కార్లలో ఇండికేటర్ ఉండే చోట అక్కడి కార్లలో వైపర్ మీట ఉంటుంది కాబట్టి, మనవాడు అలవాటుగా కుడిచేత్తో ఇండికేటర్ వేయబోతే వైపర్లు లేస్తాయి. మండే ఎండలో వైపర్లు టకటకా కొట్టుకుంటుంటే, ఈయన పిల్లలకి ఆ కట్టడం చరిత్ర చెప్తూ ఉంటాడు. అది నీ సీన్ అవుతుంది.

ఆ ఊరివాళ్ళని వెధవల్ని చేయకు. సినిమాలో ఎరిక్ ఐడిల్ వేసిన సైకిల్ మనిషిని క్లార్క్ గుద్దేస్తాడు. రక్తం కారుతున్నా అతను ఎంతో మర్యాదగా, పర్లేదండీ అన్నట్టే మాట్లాడతాడు. జర్మనీలో వీళ్ళు చుట్టాలనుకుని తెలియని ఇంట్లో దిగితే, ఆ ముసలి దంపతులు వీళ్ళెవరో అర్థం కాకపోయినా అన్నం పెట్టి పంపిస్తారు. వాళ్ళ మంచితనం వల్లే ఇబ్బంది పెరిగింది, దాంతో పాటే నవ్వూ పెరిగింది. నీ పారిస్ వెయిటర్‌కి కూడా అలాంటి మంచి గుణం ఒకటి ఇవ్వు.

నేను నవ్వింది హోటల్ గదిలో. మూడ్రోజులుగా సరిగ్గా తినని భార్య కోసం నాన్న తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో రైస్ కుక్కర్ పెట్టి, ఆవిరికి అలారం మోగుతుందేమోనని తువ్వాలు పట్టుకుని నిలబడతాడే, అక్కడ. నవ్వుతూనే కళ్ళు తడి అయ్యాయి.

పారిస్ సీన్ తిరగరాసి పంపు. రైస్ కుక్కర్ జోలికి మాత్రం వెళ్ళకు.

ప్రేమతో,
అన్నయ్య