రక్తం నిండిన గొంతులో ట్యూబ్ వేయడం బొమ్మ మీద ఎలా నేర్పాలి?

మామూలు ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలో ట్యూబ్ వేయడం) నేర్పే బొమ్మ చాలు. దాని అన్నవాహిక చివర పైపు బిగించి చిన్న నీళ్ల పంపుకు కలపండి. ఊపిరితిత్తుల సంచులు తీసేసి కింద బకెట్ పెట్టండి. అందులో పడిన ద్రవాన్ని కొలిస్తే, రోగి అయితే ఊపిరితిత్తుల్లోకి ఎంత పోయేదో అక్కడే తెలుస్తుంది.

పంపు తోసే నకిలీ రక్తానికి లీటరు నీళ్లు, ఎరుపు ఫుడ్ కలర్, 2-3 గ్రాముల జాంథాన్ గమ్ (చిక్కబరిచే పొడి). గమ్‌ను ముందు కాస్త గ్లిజరిన్‌లో కలపాలి, నేరుగా నీళ్లలో చల్లితే ఉండలు కడుతుంది. కార్న్‌ఫ్లోర్ వద్దు, అడుగున పేరుకుని పంపును మూసేస్తుంది. గడ్డల కోసం చిక్కగా గట్టిపడిన జిలటిన్ ముక్కలు నోట్లో వేయండి. టాన్సిల్ ఆపరేషన్ తర్వాతి రక్తస్రావంలో అసలు చిక్కు గడ్డలతోనే, ఇది మానకండి.

అమెరికా అనస్థీషియా వైద్యుడు జేమ్స్ డుకాంటో నేర్పిన సలాడ్ (SALAD: పీలుస్తూ గొంతు శుభ్రం చేసి ట్యూబ్ వేయడం) పద్ధతిలో సక్షన్ (రక్తం పీల్చే గొట్టం) ముందు, లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే కెమెరా పరికరం) బ్లేడు దాని వెనక. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: బ్లేడును ముందే దింపేస్తారు, కెమెరా ఎర్రబడి ఏమీ కనిపించదు. బ్లేడును నాలుకకు ఆనించి, రక్తపు మడుగుకు పైనే ఉంచాలి. దారి కనిపించాక సక్షన్ కొనను బ్లేడుకు ఎడమ పక్కకు మార్చి అన్నవాహిక మొదట్లో వదిలేయాలి. అది పీలుస్తూనే ఉంటుంది. అప్పుడు ట్యూబ్ వేసి కఫ్ (ట్యూబ్ చివరి గాలి బుడగ) నింపాలి. శ్వాస ఇచ్చే బ్యాగ్ నొక్కేముందు ట్యూబ్ లోపల సన్నటి క్యాథెటర్‌తో పీల్చాలి, లేకపోతే ఉన్న రక్తాన్ని మనమే లోపలికి తోస్తాం.

గడ్డ అడ్డుపడి సక్షన్ ఆగితే కొనను ఊడదీసి వెడల్పాటి పైపుతోనే పీల్చమనండి. సాధన పరికరాలు రోగులకు వాడేవి కాకూడదు.