బి.ఐ. స్టీమర్ల యజమాని ఎవరు?

ప్రశ్న: మా ముత్తాతగారు కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్లి, అక్కడి వడ్ల మిల్లులో పనిచేశారని ఇంట్లో చెబుతుంటారు. ఆ స్టీమర్లు నడిపిన ‘బి.ఐ.’ కంపెనీని స్థాపించిన స్కాట్లాండు వ్యాపారి ఎవరు? ఆయనకు వారసులు ఉన్నారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆయన పేరు సర్ విలియం మెకిన్నన్. స్కాట్లాండు పశ్చిమ తీరంలో కింటైర్ ద్వీపకల్పంలోని కాంబెల్‌టౌన్ అనే చిన్న రేవు పట్టణంలో 1823లో జన్మించారు. మొదట కిరాణా వ్యాపారంలో పని నేర్చుకుని, తరువాత గ్లాస్గోలో ఒక పట్టుబట్టల గిడ్డంగిలోనూ, తూర్పుదేశాలతో వ్యాపారం చేసే ఒక వర్తకుని వద్దా ఉద్యోగం చేసి, 1847లో బెంగాలుకు వచ్చారు. అప్పటికే అక్కడ వ్యాపారం చేస్తున్న తన బడి స్నేహితుడు రాబర్ట్ మెకెంజీతో కలిసి ‘మెకిన్నన్ మెకెంజీ’ సంస్థను నెలకొల్పారు. మెకెంజీ 1853లో ఓడ ప్రమాదంలో మరణించినా, సంస్థ పేరులో నుంచి మిత్రుని పేరును ఆయన తొలగించలేదు.

1856లో కలకత్తా, బర్మాల మధ్య తపాలా చేరవేసే కాంట్రాక్టు సంపాదించి రెండు స్టీమర్లతో ఆయన ప్రారంభించిన కంపెనీయే 1862లో ‘బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్’గా మారింది. మీ ముత్తాతగారి నోట ‘బి.ఐ.’ అయినది అదే. నల్లని పొగగొట్టం మీద రెండు తెల్లని పట్టీలు ఆ ఓడల గుర్తు. కాకినాడ వద్ద సముద్రం లోతు తక్కువ కావడం వల్ల స్టీమరు ఒడ్డుకు మైళ్ల దూరంలోనే లంగరు వేసేది. జనం మూటాముల్లెతో పడవల్లో అక్కడికి చేరుకుని, డెక్కు మీదే చాప పరచుకుని బంగాళాఖాతం దాటేవారు. రంగూన్ రేవులోనూ మిల్లుల్లోనూ చెమటోడ్చిన ఈ తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. బి.ఐ. సంపదలో ఈ డెక్కు ప్రయాణికుల టిక్కెట్టు డబ్బులకూ వాటా ఉందన్న సంగతి మెకిన్నన్‌ను గురించి చెప్పేటప్పుడు తప్పక చెప్పవలసినది.

ఇక కుటుంబం. కంపెనీ పుట్టిన 1856లోనే ఆయన గ్లాస్గోకు చెందిన జానెట్ జేమ్సన్‌ను వివాహమాడారు. వారికి సంతానం కలగలేదు. అందువల్ల అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బిడ్డలనూ కింటైర్ ప్రాంతపు బంధువులనూ కంపెనీ కార్యాలయాల్లో చేర్చుకుని, పెద్ద పదవులకు ఎదిగేలా తీర్చిదిద్దారు. కొత్తవారికంటే సొంత ఊరివారినే నమ్మే ఆ పద్ధతి మన వర్తక కుటుంబాలకూ తెలిసినదే. 1888లో బ్రిటిష్ రాణి నుంచి అధికార పత్రం (రాయల్ చార్టర్) పొందిన తూర్పు ఆఫ్రికా కంపెనీకి ఆయన అధ్యక్షులయ్యారు గాని, ఓడల వ్యాపారంలో దక్కిన లాభం అక్కడ దక్కలేదు. 1889లో తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే బారొనెట్ బిరుదు వచ్చింది. 1893 జూన్‌లో ఆయన లండన్‌లో మరణించడంతో, కుమారులు లేనందున ఆ బిరుదు కూడా అంతరించింది.

వ్యాపారం కొంతకాలం బంధువుల చేతుల్లో నడిచినా, చివరికి దాని పగ్గాలు పట్టినది ఆ కుటుంబానికి చెందని వ్యక్తి. ఆర్‌బ్రోత్ పట్టణంలో పుట్టి, 1874లో కలకత్తా కార్యాలయంలో ఉద్యోగిగా చేరిన జేమ్స్ మెకే, తరువాత లార్డ్ ఇంచ్‌కేప్‌గా ప్రసిద్ధులై, 1914లో బి.ఐ.ని ‘పి. అండ్ ఓ.’ అనే మరో బ్రిటిష్ ఓడల కంపెనీతో కలిపారు. కాబట్టి మీ ముత్తాతగారు ఆ తరువాత ప్రయాణం చేసి ఉంటే, ఓడ మీద బి.ఐ. జెండాయే ఎగురుతున్నా, పెత్తనం మాత్రం ఇంచ్‌కేప్‌దే.