తల ఊపినంత మాత్రాన నాయనకు వినపడినట్టు కాదు

ప్రశ్న: మా నాయనకు 74 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి, చెవులు సరిగా వినపడవు. డాక్టర్ షుగర్ మాత్ర సగమే వేసుకోమంటే సరే సరే అని తల ఊపి వచ్చి, ఎప్పటిలాగే ఒకటి వేసుకున్నారు. మూడో రోజు చెమటలు, వణుకు. ఆయనకు ఎట్లా చెప్పాలి?
- ఓ పాఠకురాలు, ధర్మవరం

జవాబు: అమ్మా, ఆ చెమటలు, వణుకు షుగర్ పడిపోవడం వల్లే కావచ్చు. మళ్లీ అట్లా అయితే, స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు షుగర్ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. జరిగింది మీ డాక్టర్‌కు ఇవాళే చెప్పండి.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి శబ్దాలు. స, త, క లాంటివి జారిపోతాయి, అచ్చులు మాత్రం వినపడతాయి. "తిన్నాక" అన్నామో "తినకముందు" అన్నామో ఆయనకు తేలదు. గట్టిగా అరిస్తే మాట పెద్దదవుతుందే గానీ స్పష్టం కాదు, పైగా నలుగురిలో అరిపించుకోవడం ఆయనకు చిన్నతనంగా ఉంటుంది, అందుకే తల ఊపేస్తారు. మా ఓపీలో రోజూ చూస్తుంటా, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తలుపు దాటగానే "ఏం చెప్పినాడు?" అని కొడుకును అడుగుతారు. ఆ తప్పు పెద్దాయనది కాదు, చెప్పే మాది.

ఫ్యాను, టీవీ ఆపి, వెలుతురు మీ ముఖం మీద పడేట్టు ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో నిదానంగా చెప్పండి. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు, అవుననే అంటారు. "నాయనా, రాత్రికి ఏది, ఎంత వేసుకుంటావో చూపించు" అనండి, ఆయన మాత్ర తీసి చూపిస్తేనే మీరు చెప్పింది చేరినట్టు. మాత్రల డబ్బా మీద లావు మార్కర్‌తో పొద్దునకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు, సగానికి అర వృత్తం గీయండి, చదువు రాకపోయినా తెలుస్తుంది. కొన్ని మాత్రలు విరవకూడదు, మీది విరవొచ్చో లేదో డాక్టర్‌ను అడగండి.

అనంతపురం సర్వజన ఆసుపత్రి ఈఎన్‌టీ ఓపీలో ఒకసారి చెవులు చూపించండి. ఒక్కోసారి గులిమి తీస్తేనే చాలా తేడా వస్తుంది. వినికిడి యంత్రం అవసరమైతే పెట్టించండి, మొదటి కొన్ని వారాలు గోలగా అనిపించి తీసి పక్కన పడేస్తారు, ఓపికగా అలవాటు చేయించాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం ఆ రోజే రండి.

ఈసారి డాక్టర్ దగ్గర కూర్చోగానే "మా నాయనకు సరిగా వినపడదు, మాస్క్ దించి ఆయన వైపు తిరిగి చెప్పండి, పెద్ద అక్షరాలతో రాసివ్వండి" అని అడగండి. మొహమాటపడొద్దు.